కార్డు ముక్క



ఇక్కడ నేను సాధారణంగా రక్తపోటు గురించో, మధుమేహం గురించో, మందులు వేసుకోవలసిన తీరు గురించో వ్రాస్తూ ఉంటాను. ఈసారి అర్ధరూపాయి ఖరీదు చేసే ఒక వస్తువు గురించి వ్రాయదలచాను. దానికోసం మందుల దుకాణానికి వెళ్ళనక్కరలేదు, తపాలా కార్యాలయానికి వెళితే చాలు. నలభై ఏళ్ళకు పైగా వైద్యం చేసిన నాకు దాని విలువ ఈ సంక్రాంతి తరువాత చేసిన మూడు రోజుల ప్రయాణంలో గాని పూర్తిగా తెలియలేదు.

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద ప్రతి ఉదయం నడిచే నలుగురు మిత్రులం మేము. నలుగురమూ ఒకే బడిలో చదువుకున్నాము, నలుగురమూ డెబ్బై దాటాము. ఒకడు ఇంజనీరుగా, ఒకడు తపాలా శాఖలో, ఒకడు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసారు. నాలుగవవాడిని నేను. తెలుగు చెప్పిన మిత్రుడిని మేమంతా మాస్టారనే పిలుస్తాము.

రెండేళ్ళ క్రితం మాస్టారి భార్య కాలం చేసింది. పిల్లలు ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉన్నారు. ఆదివారం నాడు ఫోను చేస్తారు, ఈయన "బాగానే ఉన్నాను" అంటాడు, వారు నమ్ముతారు. నిరుడు వర్షాకాలం నుంచి గట్టు మీదకు రావడం తగ్గించాడు. తరువాత మానివేసాడు. ఒకరోజు ఇంటికి వెళ్ళి చూసాను. మనిషి చిక్కిపోయాడు. రక్తపోటు 180/100 ఉంది. మాత్రల అట్టలు చూస్తే మూడు వారాలుగా ఒక్క మాత్ర కూడా కదలలేదు. ఎందుకు వేసుకోలేదని కోప్పడ్డాను. "ఎవరికోసం వేసుకోమంటావురా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో నేను చదివిన జవాబేదీ సరిపోలేదు.

ఒంటరితనం ఒక ఆరోగ్య సమస్య

వృద్ధాప్యంలో ఆకలి తగ్గడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, బరువు తగ్గడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, మందులు మానివేయడం కనిపిస్తే "ముసలితనం, అంతే" అని సరిపెట్టుకోకండి. అవి మానసిక కుంగుబాటు లక్షణాలు కావచ్చు. కుంగుబాటుకు మంచి చికిత్స ఉంది. మాస్టారిని మొదట మానసిక వైద్య నిపుణుని వద్దకే తీసుకువెళ్ళాము. మందు మొదలుపెట్టిన ఆరు వారాలకు నిద్ర కుదుటపడింది, ఆకలి పుట్టింది. మాట మాత్రం తిరిగి రాలేదు. మేము ముగ్గురం మాట్లాడుతుంటే వింటూ కూర్చునేవాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏడాదికి 8,71,000కు పైగా మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉన్నదని ఆ సంస్థ అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, కుంగుబాటు ఒంటరివారిలో ఎక్కువ. ఒంటరితనం అంటే ఇంట్లో ఒక్కరే ఉండడం కాదు. పదిమంది నడుమ ఉన్నా, తన ఉనికి ఎవరికీ పట్టడం లేదని మనసుకు తోచడం ఒంటరితనం.

ఏభై కార్డుల కట్ట

ఎక్కడికైనా తిరిగి వద్దామన్నది ఇంజనీరు మిత్రుని ఆలోచన. శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం దాకా వెళ్ళి వద్దామనుకున్నాము. ఈ వయసులో మాలో ఎవరమూ కారు నడపకూడదని నేను పట్టుబట్టి డ్రైవరుతో సహా కారు మాట్లాడించాను. మీలో ప్రయాణాలు చేసే పెద్దవారు ఉంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. గంటన్నరకు ఒకసారి దిగి పది నిమిషాలు నడవాలి, కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మూత్రానికి దిగవలసి వస్తుందని మంచినీళ్ళు మానకూడదు.

బయలుదేరే రోజున తపాలా మిత్రుడు సంచిలోనుంచి ఏభై పోస్టుకార్డుల కట్ట తీసాడు. "ఆగిన ప్రతి చోటా మనం ఎరగని మనిషితో ఒక్కొక్కరం మాట్లాడాలి. వాళ్ళకి ఇష్టమైతే చిరునామా తీసుకోవాలి. రాత్రికి నాలుగు ముక్కలు రాసి మర్నాడు డబ్బాలో వెయ్యాలి" అన్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, "వాడికి నోట మాట రావడం లేదు కదా, చేత్తోనైనా రానీరా" అన్నాడు.

కార్డు చరిత్ర దారిలో అతడే చెప్పాడు. ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది. మన దేశానికి 1879 జూలై 1న వచ్చింది. వెల పావు అణా, అంటే ఒక కాని. ఈనాటికీ అర్ధరూపాయే. ఇప్పటి తరానికి కార్డు తెలియదు గాని, మా చిన్నతనంలో ఊరు వెళ్ళేవారికి చివరి మాట "చేరగానే కార్డు ముక్క రాయి" అన్నదే. ఉభయకుశలోపరి అని మొదలయ్యే కార్డులు, నాలుగు మూలలా పసుపు రాసిన శుభవార్తలు, చదివిన వెంటనే ఇంటి బయటే చింపివేసే చావు కబుర్లు, అన్నీ ఆ చిన్న అట్ట మీదే వచ్చేవి. ముక్కూ మొగమూ ఎరగనివారికి కార్డులు వ్రాయడం మాతోనే మొదలు కాలేదని కూడా చెప్పాడు. పోర్చుగల్‌కు చెందిన పావులో మగల్యాయిష్ అనే యువకుడు 2005లో పోస్ట్‌క్రాసింగ్ అనే ఏర్పాటు మొదలుపెట్టాడు. దానిద్వారా దేశదేశాలవారు పరిచయం లేనివారికి కార్డులు పంపుకుంటూ ఉంటారట.

పొందూరు

నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, కొంతదూరం పోయాక పొందూరు దారి పట్టాము. పొందూరు ఖద్దరు పేరు మీరు వినే ఉంటారు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. దాని సన్నని పళ్ళతో దువ్వితే పత్తిలోని నలుసులు పోయి పోగులు సరి అవుతాయి. ఆ పని చేసేది, నూలు వడికేది ఎక్కువగా స్త్రీలే, వారిలోనూ వయసు మళ్ళినవారే ఎక్కువ.

ఒక ఇంటి అరుగు మీద డెబ్బై ఏళ్ళ పైబడిన ఒకామె రాట్నం ముందు కూర్చుని ఉంది. మేము ముగ్గురం పత్తి రకాల గురించి, నూలు సన్నదనం గురించి అడుగుతున్నాము. మాస్టారు స్తంభానికి చేరబడి నిలుచున్నాడు. ఆమె మమ్మల్ని వదిలి ఆయనకేసి చూసి, "మీ ఇంటావిడ రాలేదా బాబూ?" అంది.

మాకు గుండె ఆగినంత పని అయింది. ఏడాదిగా మేము ఆయన ముందు ఎత్తకుండా జాగ్రత్తపడుతున్న మాట అది.

"లేదమ్మా, పోయింది" అన్నాడు మాస్టారు.

ఆమె రాట్నం ఆపలేదు. "మా ముసలోడూ పోయాడు బాబూ. ఈ రాట్నవే నేకపోతే నానేటయిపోదునో" అంది. తరువాత పక్కన ఉన్న చాప చూపించి, "కూకోండి బాబూ" అంది.

ఆయన కూర్చున్నాడు. అరగంట మాట్లాడుకున్నారు. మేము వీధి చివరకు వెళ్ళి నిలుచున్నాము. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారి చేతిలో చీటీ ఉంది. చిరునామా ఆయనే అడిగి తీసుకున్నాడు.

ఒక వైద్యునిగా ఇక్కడ నా తప్పు ఒప్పుకుంటాను. ఆత్మీయులను కోల్పోయినవారి దగ్గర పోయినవారి ప్రసక్తి తేకపోవడమే దయ అని నేను అనుకున్నాను. నిజానికి వారు మాట్లాడాలనుకునేది ఆ ఒక్కరి గురించే కావచ్చు. మనం ఆ మాట దాటవేస్తే వారికి ఇక మాట్లాడడానికి ఏమీ మిగలదు.

ఆ రాత్రి శ్రీకాకుళంలో బస చేసాము. నాలుగు వాక్యాల కార్డు వ్రాయడానికి మాస్టారికి రెండు గంటలు పట్టింది. మమ్మల్ని చదవనివ్వలేదు.

తేలినీలాపురం, ఉద్దానం

రెండవ రోజు టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్ళాము. ఏటా గూడబాతులు, రంగు కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదిరేసరికి వెళ్ళిపోతాయి. ఊరివారికి వాటి రాక శుభసూచకం, వాటికి హాని చేయనివ్వరు. ఆ రెట్టలు, ఆ వాసన, ఆ గోల ఇంటి పెరటిలో భరిస్తూ పరాయి అతిథులను ఏటేటా ఎదురుచూసే ఆ ఊరిని చూస్తే, చుట్టరికానికి ముందు పరిచయం ఉండి తీరాలన్న నియమం లేదనిపించింది.

అక్కడినుంచి ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కనుచూపు మేర పచ్చగా ఉండే సీమ. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను అక్కడి కొబ్బరి చెట్లను నేలకూల్చింది. తుఫాను కంటె ముందునుంచీ ఉన్న విపత్తు మూత్రపిండాల వ్యాధి. మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారికి కూడా, వ్యవసాయం చేసుకునే నడివయసు వారికి కూడా అక్కడ మూత్రపిండాలు నెమ్మదిగా చెడిపోతున్నాయి. నీటిపై, నేలపై, ఎండలో శ్రమపై ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఒక టీ దుకాణం దగ్గర ఏభై ఏళ్ళ రైతుతో నాకు మాట కలిసింది. చేతి మీద ఉబ్బిన నరం చూడగానే రక్తశుద్ధి చేయించుకునే మనిషి అని తెలిసింది. వారానికి రెండుసార్లు వెళతాడట. జబ్బు గురించి రెండు మాటలే చెప్పి, తన పనసచెట్టు గురించి పావుగంట చెప్పాడు. తిత్లీకి మొదలు దాకా విరిగిపోయిందట. కొట్టివేద్దామనుకుంటూ ఊరుకుంటే ఆ మోడు నుంచి చిగురు వచ్చి ఇప్పుడు తలెత్తు దాటిందట. చిరునామా అడిగితే నవ్వాడు. "ఉత్తరం రాత్తే ఏటి లాభం డాక్టరు బాబూ?" అన్నాడు. అయినా చెప్పాడు.

రాత్రి పలాసలో కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఉప్పు తగ్గించాలి, నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోకూడదు, రక్తశుద్ధి ఒక్కటి కూడా తప్పకూడదు అని వ్రాసాను. మాస్టారు అందుకుని చదివి, "ఇది మందుల చీటీరా, ఉత్తరం కాదు" అన్నాడు. "పైగా కార్డు. పోస్టుమాన్ దగ్గరనుంచి పక్కింటివాడి దాకా అందరూ చదువుతారు. అతని జబ్బు వాళ్ళకెందుకు?"

వృత్తిలో రోగి రహస్యం కాపాడాలని ఎందరికో చెప్పిన నాకు ఆ ఆలోచన రానందుకు సిగ్గు వేసింది. ఆ కార్డు చింపివేసి ఇంకొకటి తీసాను. "మీ పనసచెట్టు గురించి మా మిత్రులకు చెప్పాను. ఈసారి అటు వచ్చినప్పుడు చూపించాలి. జవాబు వ్రాయకపోయినా ఫరవాలేదు, మిమ్మల్ని తలచుకుంటూ ఉంటాను" అని వ్రాసాను.

నలభై ఏళ్ళ నాటి చిరునామా

ఆ రాత్రే, ఎన్నడూ ఎవరికీ చెప్పని ఒక సంగతి మిత్రులకు చెప్పాను. మీకూ చెబుతాను.

1980ల మొదటి రోజులు. నేను పనిచేస్తున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పురుగుమందు తాగిన ఒక యువరైతును తీసుకువచ్చారు. రాత్రులు పక్కనే ఉండి చూసుకున్నాము. ఎనిమిది రోజులకు కోలుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు, అందరం చేసే పనే నేనూ చేసాను, మందలించాను. "తల్లి మొహమైనా చూడలేదా, బుద్ధి లేదా?" అన్నాను. అతడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేను నా విజయానికి సంతోషించాను.

నాలుగు నెలల తరువాత మళ్ళీ తీసుకువచ్చారు. ఈసారి నేను చేయగలిగినది ఏమీ మిగలలేదు. వరండాలో అతని తల్లి నన్ను నిందించలేదు. "మళ్ళీ ఒకసారి వచ్చి కనబడమని తవరు అనలేదు బాబూ" అని మాత్రం అంది.

అతని ఊరి పేరు, ఇంటి పేరు ఆసుపత్రి కాగితం మీద నా చేతితో వ్రాసినవే. అప్పట్లో కార్డు వెల 15 పైసలు. ఒక్క కార్డు వ్రాసి ఉంటే అతడు బ్రతికి ఉండేవాడని నేను అనను, అది ఎవరికీ తెలియదు. వ్రాయవచ్చునన్న తలంపే నాకు రాలేదు, అదే నా బాధ.

ఆ తలంపు వచ్చిన వైద్యుడు ఒకరు ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన మానసిక వైద్యుడు జెరోమ్ మోటో. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నప్పుడు, కొద్దిపాటి పరిచయం ఉన్న ఒక యువతి ఏమీ ఆశించకుండా వ్రాస్తూ ఉండిన ఉత్తరాలు ఆయనకు ధైర్యాన్ని ఇచ్చాయట. 1969లో ఆయన ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కుంగుబాటుతోనో ఆత్మహత్య తలంపులతోనో ఆసుపత్రిలో చేరి, తరువాత చికిత్స వద్దన్న 843 మందిని రెండు వర్గాలు చేసారు. ఒక వర్గానికి మాత్రం అయిదేళ్ళ పాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు పంపారు. వాటిలో సలహాలు లేవు, రమ్మన్న ఒత్తిడి లేదు. మీరు ఎలా ఉన్నారోనని తలచుకుంటున్నామన్న మాట మాత్రమే ఉండేది. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవారిలో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి.

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో గ్రెగొరీ కార్టర్, ఆయన సహచరులు విషం తీసుకుని బ్రతికిన 772 మందిలో కొందరికి ఏడాదిలో 8 పోస్టుకార్డులు, కవరులో పెట్టి, పంపి చూసారు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. మళ్ళీ ప్రయత్నం చేసిన మనుషుల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు గాని, మొత్తం ప్రయత్నాల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఇరాన్‌లో టెహరాన్ నగరంలో 2,300 మందిపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో చావు తలంపులు, ప్రయత్నాలు రెండూ తగ్గాయి. న్యూజిలాండ్‌లో మాత్రం ఇదే పద్ధతితో స్పష్టమైన మేలు కనబడలేదు. కనుక కార్డు సర్వరోగ నివారిణి కాదు. కొందరికి, కొన్ని చోట్ల మేలు చేస్తుంది. హాని చేసే అవకాశం చాలా తక్కువ, ఖర్చు అర్ధరూపాయి. ఈ లెక్కకు తూగే మందులు నేను ఎక్కువ చూడలేదు.

నేను చెప్పడం ముగించాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మాస్టారు, "ఆ అబ్బాయి పేరు గుర్తుందా?" అని అడిగాడు. గుర్తుంది అన్నాను. "మరి ఒంటరిగా ఎందుకు మోసావురా ఇన్నాళ్ళూ?" అన్నాడు. ఏడాదిలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

జవాబులు

మూడవ రోజు ఇచ్ఛాపురం చూసుకుని వెనక్కు తిరిగాము. నలుగురం కలిసి 31 కార్డులు వ్రాసాము. ఇప్పటిదాకా 9 జవాబులు వచ్చాయి. ఇచ్ఛాపురం బస్టాండులో చెన్నైకి పనికి వెళుతూ కనబడిన కుర్రవాడికి వ్రాసిన కార్డు, ఆ ఇంట్లో ఎవరూ లేరని తిరిగి వచ్చింది. పని కోసం ఇళ్ళకు తాళాలు వేసి వలసపోయే మన ఉత్తరాంధ్ర కథ అంతా ఆ ఒక్క కార్డు మీద ఉంది.

ఉద్దానం రైతు నుంచి జవాబు లేదు. రెండు నెలలు చూసి ఇంకొక కార్డు వ్రాసాను. పది రోజులకు ఆయన కూతురు వ్రాసింది. ఏమి వ్రాయాలో తెలియక నాన్న ఊరుకున్నారని, మొదటి కార్డును ఆసుపత్రి పుస్తకంలో పెట్టుకుని వెళుతున్నారని, పనస ఈ ఏడు పిందె వేసిందని.

పొందూరు నుంచి మాస్టారికి ఇప్పటికి మూడు కార్డులు వచ్చాయి. ఆమె చెబుతుంటే మనవరాలు వ్రాస్తుంది. మొదటిదాంట్లో మనవరాలి అక్షరదోషాలను మాస్టారు తరువాతి కార్డులో సున్నితంగా దిద్దాడు. అప్పటినుంచి ఆ పిల్ల తన తరఫున రెండు వాక్యాలు చివర కలుపుతూ ఉంది.

ఆయన పూర్తిగా కోలుకున్నాడని వ్రాయలేను. ఆదివారం సాయంత్రాలు ఇప్పటికీ కష్టంగానే గడుస్తాయి. మానసిక వైద్యుడు ఇచ్చిన మందు కొనసాగుతోంది. గట్టు మీదకు వారానికి నాలుగు రోజులు వస్తున్నాడు. రక్తపోటు మొన్న 138/84 ఉంది.

మీరు చేయగలిగినవి

మీకు తెలిసినవారిలో ఒంటరిగా ఉన్నవారు, ఆసుపత్రి నుంచి ఈమధ్యే ఇంటికి వచ్చినవారు, అయినవారిని పోగొట్టుకున్నవారు ఒక్కరైనా ఉంటారు. వారికి ఒక కార్డు వ్రాయండి. నాలుగు వాక్యాలు చాలు. సలహాలు వ్రాయకండి. జబ్బు పేరు, ఇంటి గుట్టు వ్రాయకండి, అవి చెప్పవలసి వస్తే కవరు వాడండి. వారు మీతో చెప్పిన చిన్న విషయం ఒకటి గుర్తుంచుకుని దానిని ప్రస్తావించండి. జవాబు కోసం ఒత్తిడి చేయకండి. జవాబు రాకపోయినా ఇంకొకటి వ్రాయండి. కొత్తవారైతే వారి అనుమతితోనే చిరునామా తీసుకోండి.

ఎవరైనా బ్రతకాలని లేదన్నా, ఇతరులకు భారమయ్యానన్నా కార్డు సరిపోదు. తేలికగా తీసుకోకుండా, మందలించకుండా వినండి. అటువంటి తలంపులు వస్తున్నాయా అని సూటిగా అడగండి, అడిగినందువలన లేని తలంపు పుట్టదు. వారిని ఒంటరిగా వదలకండి, పురుగుమందుల వంటివి ఇంట్లో అందుబాటులో ఉంచకండి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది. ఈ నంబరును మీ ఫోనులో ఇప్పుడే వ్రాసిపెట్టుకోండి.

నిన్న ఉదయం గట్టు మీద నడుస్తుండగా మాస్టారు హఠాత్తుగా వెనుతిరిగాడు. ఒంట్లో బాగులేదా అని కంగారుపడ్డాను. "తొమ్మిదింటికి డబ్బా తీస్తారురా. పొందూరు కార్డు ఇంకా జేబులోనే ఉండిపోయింది" అని గబగబా తపాలా కార్యాలయం వైపు నడిచాడు. వేగం ఎక్కువైంది, ఆయాసం వస్తుంది అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.